జడలు క్రిందికే వేలాడవలెను

కాకినాడలో అక్షరగోపురం ఇంగ్లీషు మీడియం స్కూలుకి క్రమశిక్షణలో ఉన్నంత పేరు చదువులో లేదు. ఇది గిట్టనివాళ్ళు అన్న మాట కాదు. కరస్పాండెంటు శేషావతారం గారే సభల్లో గర్వంగా చెప్పుకునేవారు. "చదువుదేవుందండి, ఎక్కడైనా వస్తుంది. వరస మాత్రం మా దగ్గరే వస్తుంది" అనేవారు.

ప్రతి ఉదయం ప్రార్థన వేళకి ఆయన మేడమీద వరండాలో నిలబడి కిందికి చూసేవారు. కింద ఆడపిల్లలంతా తలకి నూనె రాసుకుని, నడినెత్తిన పాపిడి తీయించుకుని, రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వరసల్లో నిలబడేవారు. పైనుంచి చూస్తే ముందున్న పిల్ల పాపిడి వెనకున్న పిల్ల పాపిడితో కలిసి, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి సున్నంతో గీసినట్టు తెల్లటి గీతలు కనిపించేవి. గీతలు వంకర పోకపోతే ఆయనకి ఆ పూట పెసరట్టు రుచించేది. ఏటా దసరా సెలవుల ముందు డ్రోను ఎగరేయించి ఆ పాపిళ్ళని ఫొటో తీయించేవారు. మర్నాటికల్లా ఊళ్ళో ప్రతి కూడలిలోనూ ఫ్లెక్సీలు లేచేవి. వాటిలో పిల్లల ముఖాలు కనబడవు. ఎవరో తండ్రి ఆ మాటే అడిగితే, "ముఖాలు అందరికీ ఉంటాయి కదండి" అన్నారు ఆయన.

ఆ ఏడు జూన్ నెలలో, ఒకరోజు ఉదయం, ఆ తెల్లటి గీతల మధ్య గుండ్రటి నల్లమబ్బొకటి కనిపించింది.

ఆ మబ్బు పేరు చందా. వయసు ఆరేళ్ళు, చదివేది ఒకటో తరగతి. తల్లి పేరు హైమవతి. హైమవతీ, ఆమె భర్త సుధాకరం జాంబియా దేశంలో ఒక పంచదార ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేశారు. ఆమె అక్కడి ల్యాబులో కెమిస్టు. ఆ ఊరి అనాథాశ్రమంలో ఇంకా నడక రాని ఒక పాప హైమవతి చీర కొంగు పట్టుకుని వదల్లేదు. కోర్టు కూడా సరేనన్నాక ఆ పాపని ఇంటికి తెచ్చుకున్నారు. చందా అన్నది పాప తనతో తెచ్చుకున్న పేరు. ఆ దేశంలో ఎంతోమందికి ఉండే పేరే కనక అలాగే ఉంచేశారు. కాకినాడలో మాత్రం దానితో చిన్న చిక్కొచ్చింది. స్కూల్లో చేర్చిన రోజున గుమాస్తా లోపలికి తొంగిచూసి, "చందా వచ్చిందండి" అనగానే శేషావతారం గారు కుర్చీలోంచి లేచి, "ఎంత?" అని అడిగారు.

సుధాకరానికి అక్కడ ఒప్పందం ఇంకో ఏడాది ఉంది. కాకినాడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో హైమవతి ముందుగా కూతుర్ని తీసుకుని తల్లి రమణమ్మ ఇంటికి వచ్చేసింది. వచ్చిన మొదటి ఆదివారమే ఆమెకి ఒక సంగతి తెలిసొచ్చింది. కూతురి జుట్టు గురించి తనకి ఏమీ తెలియదు.

జాంబియాలో పక్కింట్లో ముతాలే గారని ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉండేది. ప్రతి శనివారం చందాని తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, తీరిగ్గా తల దువ్వి, చిన్నచిన్న జడలు అల్లి పంపేది. హైమవతి ఎదురుగా కూర్చుని టీ తాగేది. జుట్టన్నది ముతాలే గారి శాఖ, దానికి టీ ఇవ్వడం తన శాఖ అన్నట్టు ఏళ్ళు గడిచిపోయాయి.

ఇక్కడ ఆ శాఖని రమణమ్మ చేతుల్లోకి తీసుకుంది. గిన్నెడు కొబ్బరినూనె పోసి, పేలదువ్వెన లాంటి దువ్వెన ఒకటి పట్టుకుని నడినెత్తిన పెట్టి కిందికి లాగింది. దువ్వెన అక్కడే ఆగిపోయింది. చందా కేక మాత్రం వీధి చివరిదాకా వెళ్ళింది. రెండో లాగుకి దువ్వెన పళ్ళు నాలుగు ఊడి పిల్ల ఒళ్ళో పడ్డాయి.

"ఇదేం జుట్టే హైమా, దువ్వెన్ని నవిలేస్తోంది!"

"అది నా తల అమ్మమ్మా!" అని ఏడుస్తూనే సమాధానం చెప్పింది చందా.

హైమవతి కూడా ప్రయత్నించింది. అదే ఏడుపు, ఇంకో దువ్వెన. చివరికి ముతాలే గారికి వీడియో కాల్ చేసింది. ఆవిడ చందా తలనీ, రమణమ్మ చేతిలోని దువ్వెననీ చూసి, ఫోను వణికేలా నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి ఇంగ్లీషులో అడిగింది. "పొడి జుట్టు మీద దువ్వెన పెట్టావా? నీళ్ళేవి? పైనుంచి లాగావా? చివర్ల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చున్నావే, టీలోకి చూస్తూ కూర్చున్నావా?"

హైమవతికి తల కొట్టేసినట్టయింది. తోటలోంచి వచ్చిన చెరుకు రసాన్ని చుక్కచుక్కా పరీక్ష చేసే మనిషి, కన్నకూతురిలా పెంచుకుంటున్న పిల్ల తలని ఒక్కనాడూ పరీక్షగా చూడలేదు.

అప్పట్నుంచి ఆదివారాలు నేర్చుకోవడంతోనే గడిచాయి. జుట్టు బాగా తడపాలి. పాయలుగా విడదీసి, ఒక్కో పాయనీ క్లిప్పు పెట్టి పక్కన ఉంచాలి. దానికి బట్టలారేసే క్లిప్పులు పనికొచ్చాయి. చిక్కు ముందు వేళ్ళతో తీయాలి, తర్వాతే వెడల్పాటి పళ్ళ దువ్వెన. నూనె ఆఖర్న, అదీ కొంచెమే. నూలు దిండు జుట్టులోని తడి పీల్చేస్తుందని ముతాలే గారు చెబితే, రమణమ్మ భోషాణంలోంచి తన పాత పట్టుచీర తీసి, ఒక్క క్షణం దాన్ని తడిమి చూసుకుని, కత్తెర పెట్టి దిండుకి గలేబు కుట్టేసింది. "నేనెక్కడికి కట్టుకెళ్తాను గనక" అంది, ఎవరూ అడక్కుండానే.

ఈలోగా స్కూలు నుంచి కబురొచ్చింది. డిసిప్లిన్ ఇంచార్జి వరూధిని మేడం హైమవతిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి, ఏదో రోగం సంగతి చెబుతున్నట్టు అంది.

"పాప జుట్టు పైకి ఉందండి."

"ఆయ్. అది అలాగే పెరుగుతుందండి."

"ఎప్పటిదాకా?"

"ఎప్పటిదాకా ఏంటండి?"

"కిందికి ఎప్పుడొస్తుందీ అని. కరస్పాండెంటు గారికి ఓ తేదీ చెప్పాలి నేను."

తేదీ ఇవ్వలేకపోయిన హైమవతి ఆ ఆదివారం పట్టుబట్టి కూర్చుని ఎనిమిది జడలు అల్లింది. కాస్త ఎగుడుదిగుడుగా వచ్చినా ఒక్కటీ ఊడలేదు. తను అల్లిన మొదటి జడలవి. సోమవారం పిల్లని బడికి పంపి, ఫ్యాక్టరీలో కనబడిన ప్రతివాళ్ళకీ ఫోనులో ఫొటో చూపించింది. సాయంత్రం చందా సంచిలో ఒక సర్క్యులరు వచ్చింది.

"విద్యార్థిని చందా తలపై గల ఎనిమిది జడలలో రెండింటిని మాత్రమే పాఠశాల గుర్తించడమైనది. తక్కిన ఆరు జడలు అనుమతి లేకుండా ఆవరణలో ప్రవేశించినవిగా పరిగణించబడును."

హైమవతి మర్నాడు శేషావతారం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోమన్నారు.

"చూడండమ్మా, రూలు ప్రకారం పిల్లకి రెండు జడలు. మీరు ఎనిమిది పంపారు. అంటే లెక్కకి నలుగురు పిల్లలు. మిగతా ముగ్గురూ ఏరీ?"

"ఒక్కతే పిల్లండి."

"ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. రికార్డుకి ఎలా తెలుస్తుంది?"

ఆ వారమంతా క్లాసు టీచరు చందా పేరు పిలిచి, "ప్రెజెంట్" అన్న జవాబు విన్నాక, ముగ్గురు గైర్హాజరు అని రాసుకుంది.

సరే, రెండే కావాలి కదా అని హైమవతి తర్వాతి ఆదివారం రెండే జడలు అల్లి రిబ్బన్లు కట్టింది. అవి చెవుల పైన చెరోవైపుకీ చేతులు చాపినట్టు ఠీవిగా నిలబడ్డాయి. అద్దంలో చూసుకుని చందా పకపకా నవ్వింది. స్కూల్లో ఎవరూ నవ్వలేదు. నిబంధనలో "జడలు క్రిందికే వేలాడవలెను" అని ఉందిట. వెంటనే కేశ సమతా కమిటీ ఒకటి ఏర్పాటైంది. అందులో సభ్యుడైన ఫిజిక్సు మాస్టారు భాస్కరం గారు పిల్ల తల చుట్టూ ప్రదక్షిణం చేసి నివేదిక ఇచ్చారు.

"భూమ్యాకర్షణ శక్తి పాఠశాల ఆవరణ యావత్తుకూ సమానముగా వర్తించుచున్నది. సదరు జుట్టు అందుకు సహకరించుటలేదు."

కమిటీ రెండు పరిష్కారాలు సూచించింది. మొదటిది, జగన్నాథపురంలో జాలర్లు వలలకి కట్టే సీసం గుండ్లు తెచ్చి రిబ్బన్ల చివర కట్టడం. రెండోది, బ్యూటీ పార్లరుకి తీసుకెళ్ళి జుట్టు సాపు చేయించడం. ఈ రెంటిలో ఏదో ఒకటి జరిగేదాకా ప్రార్థన సమయంలో విద్యార్థిని లైబ్రరీలో ఉండవలెను.

"నా పిల్లేమైనా వలా అండి, గుండ్లు కట్టడానికి!" అంది హైమవతి.

"అందుకేనండి, రెండో దారి కూడా పెట్టింది" అంది వరూధిని మేడం, చాలా ఓర్పుగా.

హైమవతి రెండూ కుదరవని చెప్పి వచ్చేసింది. అయితే ఇంట్లో అంతకంటే గట్టి ప్రత్యర్థి కాచుకుని ఉంది.

"అమ్మా, నా జుట్టు కిందికి దింపేయించు" అంది చందా.

"ఎందుకే? నీ జుట్టుకేమైంది?"

"లైబ్రరీలో నాకు బావులేదు."

"ఎవరుంటారు అక్కడ?"

"తాళాలేసిన బీరువాలు." రిబ్బను వేలికి చుట్టుకుంటూ, "ఫొటోకి కూడా నన్ను అక్కడే పెడతారుట. సుహాసిని చెప్పింది" అంది. సుహాసిని చందాకి ప్రాణ స్నేహితురాలు. ఆ వయసులో ప్రాణ స్నేహితురాలంటే రబ్బరూ పెన్సిలూ మాత్రమే కాక టిఫిన్ డబ్బా మూత కూడా పంచుకునే మనిషి.

పిల్ల ఏడిస్తే హైమవతి తట్టుకునేదే. చందా ఏడవకుండా, బేరం కుదిరిన విషయంలా మామూలుగా చెప్పింది. దాంతో మర్నాడు సాయంత్రం ఆమె పార్లరుకి తీసుకెళ్ళింది. పార్లరమ్మాయి చందాని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, డబ్బా మూత తీసింది. ఆ ఘాటుకి హైమవతికి అనుమానం వచ్చింది. డబ్బా తిప్పి సన్న అక్షరాలు చదివింది. కాస్టిక్ సోడా. చెరుకు రసం మరిగించే పాత్రలకి పట్టిన గార ఊడగొట్టడానికి ఫ్యాక్టరీలో వాడేది అదే. అక్కడ మనుషులు మోచేతులదాకా గ్లవ్వులు తొడుక్కుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని గానీ దాని దగ్గరికి పోరు.

"ఇది కొంచెవేనండి, మంటపుడితే కడిగేస్తాం" అంది పార్లరమ్మాయి.

హైమవతి తువ్వాలు విప్పి, కూతుర్ని ఎత్తుకుని దిగిపోయింది. ఆటోలో చందా తల్లివైపు చూడలేదు. అన్నం కూడా అమ్మమ్మ చేత్తోనే తింది.

శనివారం పొద్దున్నే హైమవతి పీట వేసుకుని కూర్చుంది. ముతాలే గారిని ఫోనులో పిలిచి, ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టింది. ఆ రోజు ఆమె పట్టుదల స్కూలు మీదా కమిటీ మీదా కాదు. తన చేత్తో వేసిన జడల్ని అద్దంలో చూసుకుని ఈ పిల్ల మురిసిపోవాలి, అంతే. దువ్వెన తోకతో నుదుటి నుంచి మెడదాకా పాపిడి గీసి, వంకరొస్తే చెరిపి, మళ్ళీ గీసింది. ఒక్కో పాయనీ నెత్తికి అంటిపెట్టుకుని ఉండేలా, కిందనుంచి కొంచెం కొంచెం జుట్టు కలుపుకుంటూ అల్లుకుపోయింది. రమణమ్మ నీళ్ళగిన్నె పట్టుకుని, పిల్ల విసుక్కున్నప్పుడల్లా తన చిన్నతనంలో ఎడ్లబండి కాలవలో పడ్డ కథని కొత్త ఎద్దుల్ని చేర్చి చెప్పింది. ముతాలే గారు, "మరీ బిగించకు, నుదురు లాగుతోంది చూడు" అని మధ్యమధ్య మందలించింది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. చందా అద్దం ముందు నిలబడి తల ఇటూ అటూ తిప్పింది. నెత్తి మీద ఏడు గీతలు, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"సాళ్ళు తీసిన చేనులా ఉందే!" అంది రమణమ్మ.

చందా వేలితో ఒక్కో గీత మీదా నడిచింది. ఆ తర్వాత వెళ్ళి తల్లి ఒళ్ళో కూర్చుంది. కోపం ఎప్పుడు పోయిందో హైమవతికి తెలియలేదు గానీ పోయింది.

సోమవారం ప్రార్థన వేళ చందా లైబ్రరీకి వెళ్ళకుండా సుహాసిని వెనక నిలబడింది. వరూధిని మేడం చూసి అటు నడిచేలోపే మేడమీంచి శేషావతారం గారూ చూశారు. మిగతా తలల మీద ఒక్కో గీత ఉంది. ఆ తల మీద ఏడున్నాయి! నూనె కారి, దువ్వెన జారి, ఎన్నో పాపిళ్ళు ఎక్కడో ఒకచోట వంకర తిరిగాయి. ఈ ఏడింటిలో ఒక్కటీ తిరగలేదు. ఆయన ప్రార్థన మధ్యలో మెట్లు దిగడం ఆ స్కూలు చరిత్రలో అదే మొదలు. వంగి, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఎవరు గీశారమ్మా?"

"మా అమ్మండి."

"స్కేలుతోనా?"

"చేత్తోనండి."

ఆ సాయంత్రానికి మరో సర్క్యులరు బయల్దేరింది. "క్రమశిక్షణ ఏడింతలు చేయు సదుద్దేశముతో, ఇకపై విద్యార్థినులందరూ తలపై ఏడు నిలువు గీతలతో, నెత్తిని అంటిపెట్టుకొనియుండు జడలతో మాత్రమే హాజరు కావలెను. డ్రోను ఛాయాచిత్రము ఈ విధముగానే తీయబడును."

మర్నాటి సాయంత్రానికి రమణమ్మ అరుగు నిండా తల్లులు. హైమవతి అందరికీ మజ్జిగిచ్చి, ఉన్నమాట చెప్పింది.

"ఇది చందా జుట్టుకి సరిపడే పద్ధతండి. మీ పిల్లలది జారుడు జుట్టు, పట్టు నిలవదు. బలవంతంగా బిగిస్తే కుదుళ్ళు పాడైపోతాయి."

"అబ్బే, మీరు చెప్పకూడదనుకుంటే చెప్పకండి గానీ, ఇలా అనకండి" అని నొచ్చుకుని వెళ్ళిపోయారు వాళ్ళు. తర్వాత రబ్బరుబ్యాండ్లు వాడారు, పిన్నులు వాడారు, ఒకావిడ సగ్గుబియ్యం గంజి వాడింది. ఏది వాడినా రెండో పీరియడుకల్లా జడలు నెత్తి వదిలి వేలాడిపోయేవి. కేశ సమతా కమిటీ మళ్ళీ కూర్చుంది. భాస్కరం గారు అదే రకం తెల్లకాగితం మీద, అదే కలంతో కొత్త నివేదిక రాశారు.

"అధిక సంఖ్యాకుల జుట్టు క్రిందికి జారుచున్నది. భూమ్యాకర్షణకు ఇంత సులభముగా లొంగిపోవుట క్రమశిక్షణా రాహిత్యముగా కమిటీ భావించుచున్నది."

జారిన జుట్టు వాళ్ళందర్నీ మర్నాడు ప్రార్థన వేళ లైబ్రరీకి పంపడం మొదలైంది. జడలు బిగించి బిగించి సుహాసిని నుదురు ఎర్రగా వాచింది. అది చూసిన రోజున హైమవతి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళింది. శేషావతారం గారు ఎదురొచ్చి, ఆమెని గౌరవ పాపిడి సలహాదారుగా నియమించే ఆలోచన ఉందన్నారు.

"నాకేవీ వద్దండి. ఎవరి జుట్టు వాళ్ళకి ఎలా పెరుగుతుందో అలా ఉండనివ్వండి. ఆ పసిపిల్లలు తలనొప్పితో ఏడుస్తున్నారు. మొన్నటిదాకా మా పిల్ల ఏడిచింది. ఎవరి తల వాళ్ళది కాదాండి?"

"తల వాళ్ళదేనమ్మా, నేను కాదనను" అన్నారు ఆయన నిదానంగా. "పైనుంచి కనబడేది మాత్రం స్కూలుది."

డ్రోను వచ్చే రోజు పొద్దున్న హైమవతి దువ్వెనా నీళ్ళగిన్నే పట్టుకుని కూర్చుంది. చందా వచ్చి పీట మీద కూర్చోకుండా నిలబడింది.

"ఇవాళ జడలొద్దమ్మా. ఊరికే వదిలెయ్."

"ఫొటో కదే ఇవాళ? నువ్వు వరసలో ముందుంటావన్నారు."

"సుహాసినిని లైబ్రరీలో పెడతారుట. అక్కడ నేస్తం లేకుండా ఉంటే బావుండదు. నాకు తెలుసు కదా."

హైమవతి దువ్వెన పక్కన పెట్టింది. కూతురి వెనక కూర్చుని, పాత జడలన్నీ ఒక్కొక్కటే విప్పింది. నీళ్ళు చిలకరించి, చేతులకి కాస్త నూనె రాసుకుని జుట్టంతా పైకి తీసింది. అది మెత్తగా, నిండుగా, తల చుట్టూ పూసినట్టు నిలబడింది. గేటు దగ్గర వరూధిని మేడం దాన్ని చూసి, తన ముడిని ఒకసారి తడుముకుని, లైబ్రరీవైపు చెయ్యి చూపించింది. చందా గెంతుకుంటూ వెళ్ళింది.

డ్రోను పైకి లేచేసరికి శేషావతారం గారికి కింద ఒక్క గీతా కనిపించలేదు. వర్షం వచ్చేలా ఉన్న ఆ ఉక్కపోతకి అందరి జడలూ నెత్తి వదిలేశాయి. వరూధిని మేడం రూలు ప్రకారం ఒక్కొక్కర్నీ పంపిస్తూ పంపిస్తూ వరసలన్నీ ఖాళీ చేసేసింది. లైబ్రరీలో చోటు చాలక పిల్లలు వరండాలో, మెట్ల మీద కూర్చుని చప్పట్లాట ఆడుతున్నారు. ఎవరో బీరువా తాళం కూడా తీయించారు. పిల్లలు బొమ్మల పుస్తకాలు ముందేసుకున్నారు.

"వరసేదీ! వరసేదీ!" అంటూ శేషావతారం గారు స్వయంగా మైదానం మధ్యకి పరిగెత్తారు. డ్రోను ఆయన నెత్తి మీదికి దిగింది. కుడి చెవి పక్క నుంచి ఎడమ చెవిదాకా ఎంతో శ్రద్ధగా పరిచి అంటించుకున్న ఆయన పది వెంట్రుకలూ ఆ గాలికి ఒక్కసారిగా లేచి, నిటారుగా, ఆకాశంకేసి నిలబడ్డాయి. డ్రోను అబ్బాయి జీతానికి న్యాయం చేస్తూ అన్ని వైపుల నుంచీ తీశాడు. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో ప్రతి తల్లి ఫోనులోనూ ఉంది.

దసరా సెలవులయ్యాక చివరి సర్క్యులరు వచ్చింది. "జుట్టు విషయము విద్యార్థినుల గృహ విషయముగా గుర్తించడమైనది." కమిటీ కూడా రద్దయింది. భాస్కరం గారు తిరిగి ఫిజిక్సు చెప్పవలసి వచ్చింది.

ఆ ఆదివారం హైమవతి చందా తల తడుపుతుండగా వీధి తలుపు చప్పుడైంది. వరూధిని మేడం గుమ్మంలో నిలబడి ఉంది. రమణమ్మ ఆవిడ చేతులకేసి అనుమానంగా చూసింది. కాగితం ఏదీ లేదు.

"మళ్ళీ ఏవైందండి?" అంది హైమవతి.

"స్కూలు పని కాదండి." ఆవిడ గడప దాటి, కూర్చోకుండా, ముడి విప్పింది. నూనెతో అణిచిపెట్టిన జుట్టు కొసల దగ్గర తేలిగ్గా మెలికలు తిరిగి పైకి లేచింది. "నాది ఉంగరాల జుట్టండి. ఒకటో తరగతిలో మా టీచరు నన్ను కోతిపిల్ల అన్నారని, మా అమ్మ ఆ రోజునుంచి అణిచి దువ్వేది. ఆవిడ పోయాక నేనే దువ్వుకుంటున్నాను. ఇప్పుడు గుప్పెళ్ళకొద్దీ ఊడిపోతోంది. ఏం చెయ్యాలో..." అంది.

హైమవతి పీట జరిపింది. వరూధిని మేడం చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది. చందా వెడల్పాటి పళ్ళ దువ్వెన తీసుకుని వెనక నిలబడి, అమ్మ తడిపి ఇచ్చిన పాయని పట్టుకుని, చివరి దగ్గర మొదలుపెట్టింది. మొదటి చిక్కు తగలగానే మేడం ఉలిక్కిపడి భుజాలు బిగించింది.

"నొప్పెడితే చెప్పండి, ఆగుతాను" అంది చందా. "తల మాత్రం కదపకండి మేడం."

వరూధిని మేడం కదల్లేదు.